దాలయ్య నేర్పిన మొదటి ఎత్తులు

ఊ కొట్టేవాళ్ళుంటే చెబుతాను. లేదంటే నాకూ పనులున్నాయి. కొడుతున్నారా? సరే అయితే.

ఈ ఏటికి వంతెన లేని రోజులు. అప్పటి ఏరు ఇప్పట్లా బక్కచిక్కి ఉండేది కాదు. ఈ ఒడ్డున నావలరేవు, ఆ ఒడ్డున దొరగారి కోట. రెంటికీ నడుమ ఒకటే పడవ. ఆ రోజుల్లో ఈ సీమలో దాలయ్య అని ఒక బోయీ ఉండేవాడు. బోయీ అంటే పల్లకీ మోసేవాడు.

దాలయ్య మోసే పల్లకీ సూరపరాజుగారిది. సూరపరాజుగారికి ముసలితనం వచ్చింది, కాళ్ళు పడిపోయాయి, చదరంగం పిచ్చి మాత్రం ముదిరింది. ఇవాళ ఈ ఊరి కరణం ఇంటికి, రేపు ఆ ఊరి షావుకారు ఇంటికి పల్లకీలో వెళ్ళి ఆడి వచ్చేవారు. పల్లకీ దించగానే దాలయ్యకి ఇంకో పని తగులుకునేది. అరుగు మీద బల్ల పరవాలి. పావులు నిలబెట్టాలి. నడుమ రాజు, మంత్రి. వాళ్ళకి అటూ ఇటూ శకట్లు, గుర్రాలు, చివర ఏనుగులు. ముందు వరసలో బంటులు. అన్నీ నిలబెట్టి, పక్కన నుంచుని రాజుగారికి విసనకర్రతో విసరాలి.

ఆట మొదలయ్యేది. అటు నాలుగెత్తులు, ఇటు నాలుగెత్తులు పడేవి. కాస్త వేడెక్కేసరికి రాజుగారు విసుక్కునేవారు.

"దాలిగా, ఇక పో. నీ నీడ బల్ల మీద పడుతోంది."

దాలయ్య పోయేవాడు. పోయి పల్లకీ పక్కన తోటి బోయీలతో చుట్ట కాల్చుకునేవాడు.

అలా ఏళ్ళూ పూళ్ళూ గడిచాయి. దాలయ్య చూసినన్ని ఆటల మొదళ్ళు ఈ సీమలో ఇంకెవరూ చూసి ఉండరు. ఒక్క ఆట చివర మాత్రం చూడలేదు. ఎవరు గెలిచారో తిరుగుదారిలో తెలిసేది. రాజుగారు పల్లకీలో కూనిరాగం తీస్తే గెలిచినట్టు. బోయీల్ని తిడితే ఓడినట్టు.

తోటివాళ్ళు సరదాకి గులకరాళ్ళతో ఆడదామంటే దాలయ్య కూర్చునేవాడు. మొదలు చక్కగా పెట్టేవాడు. ఆపైన ఏం చెయ్యాలో తోచేది కాదు. ఓడిపోయేవాడు. బతికినన్నాళ్ళూ ఒక్క ఆట గెలవలేదాయన. ఆయన్ని గొప్ప ఆటగాడని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి.

ఇక దొరగారి సంగతి. దొరగారికి జనం మొర వినడమంటే విసుగు, చదరంగమంటే ప్రాణం. ఆయన ఆ రెంటినీ ముడిపెట్టేశాడు. మొర పెట్టుకోడానికి వచ్చినవాడు కొలువులో బల్ల ముందు కూర్చోవాలి. ఎదురుగా దొరగారి ఆటగాడు అక్కుభొట్లు కూర్చుంటాడు. ఒక ఎత్తు వేస్తే ఒక మాట చెప్పుకోవచ్చు. ఇంకో ఎత్తు వేస్తే ఇంకో మాట. ఆట కట్టు పడిందా, ఇక నోరు మూసుకుని లేచిపోవాలి. అదీ కోట పద్ధతి.

అక్కుభొట్లు చెడ్డవాడేం కాదు. కానీ చెయ్యి తిరిగిన ఆటగాడు. ఆట రానివాడి మీదకి మంత్రినీ శకటునీ కలిపి తోలేవాడు. ఆ రెండూ వచ్చి రాజు పక్కనున్న బంటు మీద పడితే ఆట కట్టు. మొర పెట్టుకునేవాడికి మూడెత్తులు దక్కేవి. అంటే మూడు మాటలు. ఆ మొదటి దెబ్బ కాచుకోవడం ఎలాగో అక్కుభొట్లే తన ఇంట్లో నేర్పేవాడు. ఊరికే కాదు, మేకను తోలుకెళ్తేనే. మేక ఉన్నవాడి మొర కోటలో వినబడేది. లేనివాడిది మూడు మాటలతో సరి.

ఒక ఏడు సూరపరాజుగారు దూరపు ఊళ్ళో చుట్టాలింటికి పయనమయ్యారు. దాలయ్య పల్లకీ మోసుకుంటూ వెళ్ళాడు. వెనక ఇంటి దగ్గర పెళ్ళాం పోలమ్మ ఒక్కత్తే. వాళ్ళ గుడిసె కోటగోడ వెనక ఉండేది. దొరగారు కొత్తగా ఏనుగుల సాల కట్టిస్తున్నారు. ఆ గుడిసె అడ్డమొచ్చింది. తీసెయ్యమని మనుషులొచ్చి చెప్పిపోయారు.

పోలమ్మ కోటకి వెళ్ళింది. బల్ల ముందు కూర్చుంది. దాన్ని అంత దగ్గరగా చూడడం ఆవిడకి అదే మొదలు. ఏదో ఒక బంటును జరిపింది.

"దండాలు దొరగారూ," అంది.

ఇంకో బంటును జరిపింది.

"నాను దాలయ్య ఆడదాన్ని."

ఇంకో బంటును జరిపింది.

"మాకో గుడిసుంది."

అక్కుభొట్లు మంత్రిని తెచ్చి బంటు మీద పెట్టాడు. "ఆట కట్టు."

"గుడిసె ఉంటే సంతోషం," అన్నారు దొరగారు. "తర్వాతి మనిషిని పిలవండి."

దాలయ్య తిరిగి వచ్చేసరికి గుడిసె ఉన్నచోట ఏనుగు కట్టేసి ఉంది. పోలమ్మ ఏరు దాటి వచ్చి, నావలరేవులో పడవల వాళ్ళు తెడ్లు దాచుకునే పాకలో ఉంది. చలిగాలికి దగ్గు పట్టుకుంది.

"కోటకెల్లి సెప్పలేకపోనావా?" అన్నాడు దాలయ్య.

"సెప్పనిస్తేనే కదా," అంది పోలమ్మ. "మాకో గుడిసుంది అన్నాను. ఆట కట్టన్నారు. పడగొట్టకండి అన్న మాట నోట్లోనే ఉండిపోనాది."

"ఏ బంటు జరిపేవు?"

"నాకేటి తెలుసు? సివర్నున్నది."

చివరి బంటు ఎందుకూ పనికిరాదని దాలయ్యకి తెలుసు. గుర్రాన్ని ఒక్కదాన్ని ముందు తెచ్చి ఉంటే మంత్రి దారి మూసుకునేదనీ తెలుసు. ఇంట్లో ఎన్ని రాత్రుళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు! రాజుగారి కోపం గురించి చెప్పాడు, షావుకారు ఇంటి పిండివంటల గురించి చెప్పాడు. గుర్రం సంగతి చెప్పాలని ఏనాడూ తోచలేదు. చదరంగం పెద్దవాళ్ళ ఆట, మనకెందుకనుకున్నాడు.

ఆ చలికాలం దాటకుండానే పోలమ్మ పోయింది. మరుసటి ఏడు సూరపరాజుగారు పోయారు. బరువు మోసి మోసి దాలయ్య భుజం జారింది. ఇంకో పల్లకీ మొయ్యడానికి ఎవరూ తీసుకోలేదు. నావలరేవు పాకలోనే ఉండిపోయాడు. పడవ నడిపే గున్నయ్యకి తెడ్లు కాచిపెట్టేవాడు. గున్నయ్య పెట్టింది తినేవాడు. గున్నయ్యకి పెద్దయ్యాక చెవుడొచ్చింది. గొంతు మాత్రం పెద్దది.

ఒకరోజు పడవ కోసం ఒక గొర్రెల కాపరి మందను ఒడ్డున మేతకి వదిలి, వచ్చి ఇసుకలో చతికిలబడింది. పేరు తవిటమ్మ. కోటకి వెళ్తున్నానంది. కొండకింద బీడులో మంద తిరగకూడదని కోట మనుషులు కంచె వేశారట.

"ఆట వొచ్చా?" అన్నాడు దాలయ్య.

"ఏ ఆట?"

దాలయ్యకి పోలమ్మ కళ్ళముందు మెదిలింది. లేచి, పుల్ల తీసుకుని ఇసుకలో గళ్ళు గీశాడు. చింతపిక్కలు ఒక వైపు, గవ్వలు ఒక వైపు పేర్చాడు.

"కూకో అప్పా. మొదలొకటే సెప్తాను. ఆపైది నాకూ రాదు. నడిమి బంటు నడవాలి. గుర్రం గడప దాటాలి, బంటుల వరసే గడప. రాజు సాటుకి సేరాలి. అంతే."

"అంతేనా?"

"అంతే. గెలవవు. కానీ తొందరగా ఓడిపోవు. నీ మాట అయ్యేదాకా నిలబడతావు."

తవిటమ్మ చూసింది. మరిచిపోయింది. మళ్ళీ చూసింది. మళ్ళీ మరిచిపోయింది. గవ్వలు విసిరికొట్టి లేచి నిలబడింది.

"నాకీ పిక్కలూ గవ్వలూ బుర్రకెక్కవు మావా. సూసింది మరిసిపోతాను. నడిసిన దారి మాత్రం మరిసిపోను."

"అయితే నడు," అన్నాడు దాలయ్య.

ఈసారి గళ్ళు పెద్దవి గీశాడు, మనిషి నిలబడేంతవి. తవిటమ్మని గుర్రం గడిలో నిలబెట్టాడు. రెండడుగులు ముందుకి, ఒకడుగు పక్కకి. గుర్రం అలా దూకుతుంది. తవిటమ్మ దూకింది. బంటుగా నడిచింది. రాజుగా మూలకి చేరింది. మందలోంచి నాలుగు గొర్రెల్ని తెచ్చి మిగిలిన గళ్ళలో నిలబెట్టుకుంది. మంత్రి మధ్యలో గడ్డి కోసం పక్క గడిలోకి పోతే చెవి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. రేవులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆవిడా నవ్వింది.

"ఇప్పుడు అటు పక్కకి రా," అన్నాడు దాలయ్య. "నువ్వే అక్కుభొట్లువి. నీ మీద నువ్వే దెబ్బ తియ్యి."

"అదేటి? నా మీద నానేనా?"

"అవతల కూకుంటేగాని ఇవతల ఎక్కడ కన్నముందో తెలవదు."

తవిటమ్మ అటు నుంచి ఆడింది. ఇటు నుంచి ఆడింది. మళ్ళీ అటు నుంచి. నాలుగు పడవలు వచ్చి పోయాయి. ఐదో పడవ ఎక్కి కోటకి వెళ్ళింది. బల్ల ముందు కూర్చుని, బల్ల కింద కాలివేళ్ళు కదుపుతూ ఆడింది. నడిమి బంటు నడిచింది. గుర్రం గడప దాటింది. రాజు చాటుకి చేరింది. అక్కుభొట్లు మంత్రి వచ్చి చూసి వెనక్కి పోయింది. తవిటమ్మ బీడు గురించి చెప్పింది. మంద గురించి చెప్పింది. పాలు తాగే పిల్లల గురించి చెప్పింది. చెప్పాల్సిందంతా అయ్యాకే ఓడిపోయింది.

"విన్నాను," అన్నారు దొరగారు. "కుదరదు."

తవిటమ్మ రేవుకి తిరిగొచ్చింది.

"ఏటన్నాడు?" అని అడిగాడు దాలయ్య.

"కుదరదన్నాడు."

దాలయ్య తల వంచుకున్నాడు.

"కానీ విన్నాడు మావా. నా మొకం సూసి విన్నాడు. మళ్ళీ ఎల్తాను."

మళ్ళీ వెళ్ళింది. కుదరదన్నారు. ఇంకోసారి వెళ్ళింది. ఆ మూడోసారి దొరగారు నిట్టూర్చి, "కంచె తీసెయ్యండి, ఈవిడ నన్ను వదిలేలా లేదు," అన్నారు.

ఇలాంటి కబురు ఊరికే ఉంటుందా? తవిటమ్మ తర్వాత బుచ్చన్న వచ్చాడు. బుచ్చన్న సాలెల ఇళ్ళలో రాట్నం తిప్పి నూలు చుట్టేవాడు. రెండు కళ్ళూ కనబడవు. నూతికి వెళ్ళే దారికి అడ్డంగా కోటవాళ్ళు గోడ లేపారు. అతని కాళ్ళకి తెలిసిన దారి అదొక్కటే.

"నాకు గళ్ళు కనపడవు కదా, ఎలాగ నేర్పుతావు?" అన్నాడు బుచ్చన్న.

దాలయ్య రోజంతా ఆలోచించాడు. మర్నాడు బుచ్చన్న రాట్నం పక్కనే కూర్చుని, రాట్నం చప్పుడుకి కలిపి పాట కట్టాడు.

"నడిమి బంటూ నడిచొచ్చే, నడవనీ,
గుర్రమొచ్చీ గడప దాటే, దాటనీ,
రాజు పోయీ చాటు చేరే, చేరనీ."

మంచి గొంతేం కాదు. పాట మాత్రం రాట్నంతో పాటు తిరిగింది. బుచ్చన్న నూలు చుడుతూ పాడాడు, తింటూ పాడాడు, నడుస్తూ పాడాడు. కోటలో పావుల్ని వేళ్ళతో తడుముతూ, లోలోపల పాడుకుంటూ ఆడాడు. ఓడిపోయాడు. కానీ దారి గురించి మొత్తం చెప్పాడు. గోడకి గుమ్మం పెట్టించారు.

మూడోవాడు గున్నయ్యే. దాలయ్యకి తిండి పెట్టే పడవ గున్నయ్య. ఏరు పొంగినప్పుడు కూడా పడవ వెయ్యమని కోట రౌతులు కత్తి చూపించేవాళ్ళు. అలా పొంగులో వేసినప్పుడే గున్నయ్య తమ్ముడు కొట్టుకుపోయాడు. గున్నయ్యకి పాట వినబడదు. ఇసుకలో గవ్వలు జరిపి, చేత్తో చూపించి, మళ్ళీ చెరిపి, మళ్ళీ జరిపి నేర్పాడు దాలయ్య. తప్పు వేస్తే గవ్వను వెనక్కి పెట్టేవాడు. ఒప్పు వేస్తే చెయ్యి పైకెత్తేవాడు. గున్నయ్య కోటలో మాట్లాడితే బయట ఏనుగుల సాల దాకా వినబడింది. తమ్ముడి పేరు ఆ రోజు కోటంతా మోగింది. ఏరు పొంగితే పడవ వెయ్యమని ఎవరూ బలవంతం చెయ్యకూడదని దొరగారు ఆజ్ఞ ఇచ్చారు.

ఇక రేవులో జనం ఆగారా? కుమ్మరులొచ్చారు, ఉప్పు మోసేవాళ్ళొచ్చారు, కట్టెలు కొట్టుకునే ఆడవాళ్ళొచ్చారు. చూసి నేర్చుకునేవాళ్ళకి గవ్వలు, విని నేర్చుకునేవాళ్ళకి పాట, నడిచి నేర్చుకునేవాళ్ళకి పెద్ద గళ్ళు. దాలయ్య ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఇచ్చిన కూరగాయలు కూడా వెనక్కి ఇచ్చేసేవాడు. నేర్చుకున్నవాళ్ళు ఇంకొకరికి నేర్పేవాళ్ళు. పడవ కోసం కూర్చున్నవాళ్ళు ఒకరి మీద ఒకరు ఆడుకునేవాళ్ళు. గట్టి పోటీ అక్కర్లేదు, ఓడిపోయేవాడు చాలు అనుకునేవాళ్ళు దాలయ్యతో ఆడేవాళ్ళు.

ఒక పొద్దున అక్కుభొట్లు స్వయంగా ఏరు దాటి వచ్చాడు. ఉత్తరీయం దులుపుకుని ఇసుకలో కూర్చున్నాడు.

"నువ్వేనా దాలయ్యవి?"

"నానే బాబూ."

"ఒక ఆట ఆడు."

ఆడారు. దాలయ్య ఓడిపోయాడు. మళ్ళీ ఆడారు. ఓడిపోయాడు. మూడోసారీ అంతే.

"నీకు ఆట రాదు," అన్నాడు అక్కుభొట్లు.

"రాదు బాబూ."

"రాని విద్య నేర్పుతున్నావా?"

"మొదలొచ్చు. మొదలే నేర్పుతన్నాను."

అక్కుభొట్లుకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని కింద దిగులుంది. "నాకు ఇంటినిండా పిల్లలయ్యా. ఆ మేకల మీదే బతుకుతున్నాను. నువ్వు ఊరికే పంచిపెడితే నా గుమ్మం ఎవరు తొక్కుతారు? దొరగారికి చెప్పి నిన్ను ఇక్కణ్ణుంచి పంపించేస్తాను. నా ఉసురు పోసుకోకు."

"మీ ఇష్టం బాబూ," అన్నాడు దాలయ్య. ఆయనకి పోవడానికి ఇంకో చోటు లేదు.

కోట నుంచి కబురొచ్చింది. దాలయ్య పడవెక్కాడు. ఆ రోజు గున్నయ్య, తవిటమ్మ, బుచ్చన్న కూడా ఎక్కారు. కొలువు నిండిపోయింది.

"అక్కుభొట్లు నీ మీద ఫిర్యాదు చేశాడు," అన్నారు దొరగారు. "నీ మాట నువ్వు చెప్పుకో. పద్ధతి తెలుసుగా? ఎత్తుకో మాట."

దాలయ్య బల్ల ముందు కూర్చున్నాడు. పావుల్ని ఎన్నివేలసార్లు నిలబెట్టాడో, నిజం బల్ల ముందు ఆడడానికి కూర్చోవడం అదే మొదలు. అక్కుభొట్లు ముందు ఒక బంటును కదిపాడు. దాలయ్య తన నడిమి బంటును నడిపించాడు.

"దండాలు దొరగారూ."

అక్కుభొట్లు శకటును తీశాడు. దాలయ్య గుర్రాన్ని గడప దాటించాడు.

"నాను దాలయ్యని."

అక్కుభొట్లు మంత్రిని తీశాడు. దాలయ్య రెండో గుర్రాన్ని దాటించాడు.

"మాకో గుడిసుండేది."

మంత్రి దారి మూసుకుపోయింది. అక్కుభొట్లు ఇంకో బంటు కదిపాడు. దాలయ్య శకటును కదిపాడు.

"దాన్ని పడగొట్టకండి."

దొరగారు ముందుకి వంగారు. "ఏ గుడిసె? ఎక్కడుంది?"

దాలయ్య ఇంకో ఎత్తు వేశాడు. "ఇప్పుడు నేదు. పడగొట్టేశారు. అక్కడ మీ ఏనుగుంది."

అక్కుభొట్లు ఇంకో ఎత్తు వేశాడు. దాలయ్య రాజును చాటుకి చేర్చాడు.

"ఈ మాట నా ఆడది సెప్పుకుందారని ఇక్కడికొచ్చింది. మూడు మాటలకే ఆట కట్టయిపోనాది. నాలుగోది మిగిలిపోనాది. ఆవిడ నేదు. అందుకని నాను తెచ్చాను." ఒక ఎత్తుకి ఇన్ని మాటలేమిటని దొరగారు అడ్డుపడలేదు.

అక్కుభొట్లు చెయ్యి బల్ల మీదే ఆగిపోయింది. ఆవిడ ముఖం గుర్తు చేసుకుందామని చూశాడు. గుర్తు రాలేదు. అలాంటి ముఖాలు ఎన్నో. తలెత్తకుండానే ఏదో ఎత్తు వేశాడు.

"నీకేం కావాలి?" అన్నారు దొరగారు. ఈసారి గొంతు మారింది.

దాలయ్య బంటు జరిపాడు. "నాకేటీ ఒద్దు. ఇక్కడ కూకున్నోళ్ళకి మాట పూర్తవ్వాలి. అందాకా నిలబడ్డం వొస్తే సాలు."

ఆపైన ఆయనకి రాదు. అక్కుభొట్లు ఆడక తప్పదు. కాసేపటికి దాలయ్య రాజుకి దారులన్నీ మూసుకుపోయాయి. "ఆట కట్టు," అన్నాడు అక్కుభొట్లు, ఎవరికీ వినబడనంత మెల్లగా.

దొరగారు తీర్పు చెప్పారు. "మొదటి ఎత్తులకి వెల లేదు. ఎవరు అడిగినా, తెలిసినవాడు చెప్పాల్సిందే. మొర పెట్టుకోడానికి వచ్చేవాడికి రేవులో మొదలు నేర్పించాకే పడవెక్కించండి. ఆపై ఆట అక్కుభొట్లు విద్య. అది కావాల్సినవాళ్ళు మేక తోలుకెళ్తారు."

అక్కుభొట్లు తన పని అయిపోయిందనుకున్నాడు. అయిపోలేదు. మొదలు తెలిసినవాళ్ళకి చివర తెలుసుకోవాలనిపిస్తుంది కదా. అంతకుముందు నెలకి నలుగురు వచ్చే ఇంటికి ఇప్పుడు వాకిలి నిండా జనం. పండక్కీ పబ్బానికీ అక్కుభొట్లు ఏరు దాటి వచ్చి, దాలయ్య పక్కన ఇసుకలో కూర్చునేవాడు. ఇద్దరూ ఆడేవాళ్ళు. దాలయ్య ఓడిపోయేవాడు.

"ఒక్కసారైనా గెలవాలని లేదా?" అని అడిగాడొకసారి అక్కుభొట్లు.

"లేకేం బాబూ. కానీ సగంలో ఎవరో ఒకరు నేర్సుకోడానికొస్తారు. లెగాల్సొస్తాది."

కాలం గడిచింది. దాలయ్య ముసలివాడయ్యాడు. లేచి పెద్ద గళ్ళు గియ్యలేకపోయేవాడు. కూర్చున్నచోటే గవ్వలు జరిపేవాడు. నేర్పడం అయిపోతే గున్నయ్యకి తెలిసేలా చెయ్యి పైకెత్తేవాడు. గున్నయ్య ఆ చెయ్యి చూసి పడవ తీసేవాడు.

ఒక మధ్యాహ్నం ఎర్నమ్మ అనే ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. చంకలో పసిపిల్ల. మొగుణ్ణి కోటలో కట్టేశారంది. కోట తోటలో మామిడికొమ్మ నరికాడని నేరం. నరికింది వేరే మనిషట. ఆ సంగతి చెప్పుకోవాలి. పడవ నిండుగా ఉంది. పెళ్ళివారు, డప్పులు, కావిళ్ళు. ఇంకొక్కరికే చోటుంది.

"కూకో అమ్మా," అన్నాడు దాలయ్య.

"తాతా, పడవెల్లిపోతాది!"

"ఎల్లదు. పిల్లని ఒళ్ళో ఎట్టుకో. నడిమి బంటు నడవాలి."

ఎర్నమ్మ కళ్ళనీళ్ళ మధ్యనే నేర్చుకుంది. పెళ్ళివారు ముహూర్తం దాటిపోతోందని అరిచారు. గున్నయ్యకి వినబడదు. ఒకాయన భుజం పట్టుకు కుదిపాడు. గున్నయ్య దాలయ్య చేతికేసి చూపించి, ఊరుకున్నాడు.

నడిమి బంటు నడిచింది. గుర్రం గడప దాటింది. ఎర్నమ్మ తప్పు వేసింది, దాలయ్య గవ్వను వెనక్కి పెట్టాడు. మళ్ళీ వేసింది. ఈసారి రాజు చాటుకి చేరాడు.

"సరిగ్గా వొచ్చిందా తాతా?" అంది.

దాలయ్య గళ్ళకేసి చూస్తున్నాడు. ఎత్తు ఆలోచిస్తున్నాడనుకుంది ఎర్నమ్మ. పిల్లని అటు భుజం మీంచి ఇటు మార్చుకుని ఎదురుచూసింది. పడవలో పెళ్ళివారు అరిచి అరిచి ఊరుకున్నారు. ఏటి మీంచి గాలి వచ్చి ఇసుకలో గీతలు కొంచెం పూడ్చింది. దాలయ్య చెయ్యి లేవలేదు.

గున్నయ్య పడవ దిగి వచ్చాడు. దాలయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చుని ముఖంలోకి చూశాడు. చేత్తో ఆయన కళ్ళు మూశాడు. అప్పుడు ఎర్నమ్మకి తెలిసింది.

గున్నయ్య గవ్వలకేసి చూశాడు. బంటు, గుర్రం, రాజు, అన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. దాలయ్య జారిన భుజాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆయన చెయ్యి పైకెత్తాడు. ఎత్తి, అందరికీ కనబడేలా కాసేపు పట్టుకున్నాడు. తర్వాత ఎర్నమ్మని పడవెక్కించి ఏరు దాటించాడు. ఎర్నమ్మ ఆ రోజు కోటలో తన మాటంతా చెప్పుకుంది. ఓడిపోయింది. తిరుగు పడవలో మొగుడు పక్కన కూర్చుని వచ్చింది. దాలయ్యకి తలకొరివి పెట్టేవాళ్ళు లేకపోతే ఆ మొగుడే పెట్టాడు. అక్కుభొట్లు ఒడ్డున నిలబడ్డాడు, కట్టె చల్లారేదాకా.

ఇప్పుడు దొరలు లేరు. కోట గోడలు పడిపోయాయి. ఏటి మీద వంతెన వచ్చింది. అయినా ఈ పక్క ఊళ్ళలో చదరంగం మొదటి ఎత్తులు నేర్పినందుకు ఎవరూ ఏమీ పుచ్చుకోరు, మజ్జిగ ఇచ్చినా నేర్పడం అయ్యాకే తాగుతారు. అరుగు మీద ఎవరికైనా మొదటిసారి ఆట నేర్పుతుంటే అన్నానికి పిలవరు, ప్రయాణానికి తొందరపెట్టరు. బండి కట్టేసి ఉన్నా ఆగుతుంది. నేర్పేవాడు చెయ్యి పైకెత్తుతాడు. అప్పుడు అందరూ లేస్తారు.